స్టాల్ చేసే పని మారింది: బల్క్ డ్రగ్ ఎగుమతుల వైపు నుంచి కొన్ని ఆలోచనలు

హైదరాబాద్ శివార్లలోని జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల ఉన్న మధ్యస్థాయి బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) కంపెనీల్లో ఏటా ఒక ప్రశ్న మీద తప్పకుండా సమావేశం జరుగుతుంది. యూరప్‌లో జరిగే ఔషధ పదార్థాల వాణిజ్య ప్రదర్శన సీపీహెచ్‌ఐలో వచ్చే ఏడు కూడా స్టాల్ తీసుకోవాలా, వద్దా అన్నదే ఆ ప్రశ్న. ప్రదర్శన నడుస్తున్న మూడు రోజుల్లోనే నిర్వాహకులు మరుసటి ఏటి స్థలానికి బుకింగులు మొదలుపెడతారు కనుక, ఈ ఏడు పెట్టిన ఖర్చుకు ఏం వచ్చిందో తేలకముందే వచ్చే ఏటి ఖర్చుకు సంతకం చేయవలసి వస్తుంది. ఎగుమతుల విభాగంలో చాలాకాలంగా పనిచేస్తూ, ఈ ప్రశ్నకు జవాబు రాసిపెట్టే బాధ్యత మోస్తున్న నాకు ఇప్పుడు ఒక అభిప్రాయం స్థిరపడింది. ఇలాంటి ప్రదర్శనలో స్టాల్ ఒకప్పుడు రెండు పనులు చేసేది: మనల్ని ఎరగని కొనుగోలుదారులకు పరిచయం చేయడం ఒకటి, పరిచయం ఉన్నవారితో ఎక్కడో ఆగిపోయిన వ్యవహారాన్ని కదిలించడం ఇంకొకటి. మొదటి పని దాదాపు పోయింది, రెండవది మిగలడమే కాక ఇంకా బలపడింది. చాలా కంపెనీలు మాత్రం ఇప్పటికీ పోయిన పనికే డబ్బు కడుతున్నాయి, ఫలితాన్నీ దానితోనే కొలుస్తున్నాయి.

మొదటి పని ఒకప్పుడు ఎంత విలువైనదో అర్థం కావాలంటే హైదరాబాద్‌లో ఈ పరిశ్రమ పుట్టిన తీరు గుర్తుచేసుకోవాలి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సహకారంతో బాలానగర్‌లో పెట్టిన సింథటిక్ డ్రగ్స్ కర్మాగారం ఈ నగరానికి రసాయన శాస్త్రవేత్తలనూ ఇంజినీర్లనూ తయారుచేసి ఇచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు అణువుకు కాకుండా తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది కనుక, వేరే పద్ధతిలో అదే మందును తయారుచేయగలవారికి దారి దొరికింది. ఐడీపీఎల్ నుంచి బయటికి వచ్చిన ఎందరో సొంత యూనిట్లు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పనిచేసినవారే. ఇలా తయారీ తెలిసినవారు ఒకే నగరంలో పెద్ద సంఖ్యలో పోగయ్యారు. కాని తయారుచేసిన సరుకును ఎవరు కొంటారో వారిలో చాలామందికి తెలియదు. ఇటలీలోనో స్పెయిన్‌లోనో మాత్రలు తయారుచేసే కంపెనీల్లో ఎవరు రానిటిడిన్ కొంటున్నారు, ఎవరికి సిప్రోఫ్లాక్సాసిన్ కావాలి, అక్కడ కొనుగోళ్లు చూసే అధికారి పేరేమిటి, ప్రస్తుతం కిలోకు ఎంత ఇస్తున్నారు అన్న సంగతులన్నీ బొంబాయి వ్యాపారుల దగ్గరా, యూరప్ ఏజెంట్ల దగ్గరా భద్రంగా ఉండేవి. ఆ సమాచారం ఉన్నవాడికి కమీషన్ దక్కేది, సరుకు తయారుచేసినవాడికి మిగిలినది దక్కేది.

1990లో మొదలైన సీపీహెచ్‌ఐ ఈ గోడను పగలగొట్టింది. మందుల తయారీకి కావలసిన పదార్థాలను అమ్మేవారూ కొనేవారూ మూడు రోజుల పాటు ఒకే కప్పు కింద ఉంటారు; చిన్న స్టాల్‌లో బల్ల మీద ప్రొడక్టు లిస్టు పెట్టుకుని కూర్చున్న కంపెనీ ముందు నుంచి కూడా పెద్ద కంపెనీ కొనుగోలు అధికారి నడిచి వెళ్తాడు. అతడు ఆగి లిస్టు మీద వేలు పెట్టి ఒక పేరు చూపిస్తే చాలు, ఆ ఏటి ప్రయాణం ఖర్చు వచ్చినట్టే లెక్క. ఆ రోజుల్లో సాయంత్రం హోటల్ గదిలో కూర్చుని విజిటింగ్ కార్డుల వెనుక రాసుకున్న రెండు ముక్కలు చదువుకుంటూ, ఎవరికి శాంపిల్ పంపాలి, ఎవరికి కొటేషన్ ఫ్యాక్స్ చేయాలి అని జాబితా వేసుకోవడమే అసలు పని. కార్డుల సంఖ్యే విజయానికి కొలమానం కావడం అప్పుడు న్యాయమే, ఎందుకంటే ప్రతి కార్డూ మరో చోట దొరకని సమాచారం.

ప్రదర్శనల చరిత్రలో ఇలాంటి మలుపు ఇదివరకు ఒకసారి వచ్చింది. జర్మనీలోని లైప్‌జిగ్ సంత వందల ఏళ్ల పాటు సరుకును బళ్ల మీద తెచ్చి అక్కడికక్కడే అమ్ముకునే చోటు. రైళ్లు వచ్చి, కర్మాగారాల్లో ఒకే నాణ్యతతో వస్తువులు తయారుకావడం మొదలైన తరువాత, సరుకంతా మోసుకురావలసిన అవసరం పోయింది. 1895లో లైప్‌జిగ్ నమూనాల ప్రదర్శనగా మారింది: శాంపిల్ చూపించి ఆర్డరు తీసుకోవడం, సరుకును తరువాత పంపడం. ఈనాటి వాణిజ్య ప్రదర్శనలన్నిటికీ మూలం ఆ ఏర్పాటే. రవాణా మారినప్పుడు సరుకు ప్రదర్శన నుంచి బయటికి పోయి నమూనా మిగిలింది. మన కాలంలో సమాచారం రవాణా అయ్యే తీరు మారింది, నమూనా కూడా బయటికి పోయింది. ఈ రోజు మా స్టాల్‌లో మందు పొడి ఉన్న సీసా ఉండదు, ఉన్నా ఎవరూ చూడరు.

సమాచారం బయటికి ఎలా పోయిందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీనిని ఇంటర్నెట్ అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తే అసలు సంగతి అందదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఎవరు ఏ మందుకు డ్రగ్ మాస్టర్ ఫైల్ (తయారీ వివరాల పత్రం) సమర్పించారో ఆ సంస్థే తన వెబ్‌సైట్‌లో జాబితా పెట్టి ఎప్పటికప్పుడు కొత్తవి చేరుస్తుంది. యూరప్‌లో మందు పదార్థం నాణ్యతకు ఇచ్చే సీఈపీ అనే సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయో, వాటిని ఇచ్చే స్ట్రాస్‌బర్గ్‌లోని ఈడీక్యూఎం సంస్థ డేటాబేస్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఏ ప్లాంటుకు ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ (వార్నింగ్ లెటర్) వచ్చింది, ఎవరి సరుకు దిగుమతిని అడ్డుకునే ఇంపోర్ట్ అలర్ట్ జాబితాలో ఉంది అన్నది కూడా బహిరంగమే. ఇక భారతదేశపు రేవుల నుంచి ఏ కంపెనీ ఎంత సరుకును ఏ ధరకు ఎగుమతి చేసిందో కస్టమ్స్ వివరాల ఆధారంగా క్రోడీకరించి అమ్మే సంస్థలు ఉన్నాయి. అంటే ఇవాళ మా స్టాల్‌లోకి అడుగుపెట్టే కొనుగోలుదారుడు మా ప్రొడక్టు లిస్టును, మా మాస్టర్ ఫైళ్లను, మా ఆడిట్ చరిత్రను, కిందటి నెల మేము వేరొకరికి వేసిన ధరను దాదాపుగా తెలుసుకునే వస్తాడు. అతనికి మనల్ని కనిపెట్టడానికి ప్రదర్శన అవసరం లేదు. మనకు అతణ్ని కనిపెట్టడానికి కూడా అవసరం లేదు.

ఈ మార్పుకు రెండో కారణం నియంత్రణ. 2013 జూలై నుంచి యూరప్‌కు బల్క్ డ్రగ్ పంపాలంటే, ఆ మందు తయారయ్యే ప్లాంటు యూరోపియన్ ప్రమాణాలతో సమానమైన పద్ధతుల్లో నడుస్తోందని ఎగుమతి దేశపు నియంత్రణ సంస్థ రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. మన దేశంలో ఆ పత్రం కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇస్తుంది. ఆ తరువాత 2018 వేసవిలో వల్సార్టాన్ వ్యవహారం వచ్చింది. చైనాలో ఒక పెద్ద కంపెనీ తయారుచేసిన వల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ మలినం బయటపడటంతో, ఆ రక్తపోటు మాత్రలను అనేక దేశాల్లో వెనక్కి తీసుకున్నారు. తయారీ పద్ధతిలో చేసిన ఒక మార్పు వల్ల ఏర్పడిన ఆ మలినం, మామూలుగా చేసే పరీక్షలకు అందలేదు. ఆ ఏడు అక్టోబరులో మాడ్రిడ్‌లో జరిగిన ప్రదర్శన నాటికి సంభాషణల తీరు మారిపోయింది. అంతకుముందు మొదటి ప్రశ్న ధర గురించి వచ్చేది. ఇప్పుడు మీ పద్ధతిలో ఏ ద్రావకం వాడతారు, దానిని తిరిగి శుద్ధిచేసి వాడుతున్నారా, బయట ఎవరితోనైనా శుద్ధి చేయిస్తున్నారా, నైట్రోసమైన్‌కు మూలమయ్యే సోడియం నైట్రైట్ ఎక్కడైనా వస్తుందా అని అడుగుతున్నారు. వీటికి అమ్మకాల మనిషి జవాబు చెప్పలేడు. నిజానికి చెప్పకూడదు.

పైగా ఇప్పుడు ఎవరూ స్టాల్‌లో నిర్ణయం తీసుకోలేరు. మాత్రలు తయారుచేసే కంపెనీ తన బల్క్ డ్రగ్ సరఫరాదారును మార్చుకోవాలంటే శాంపిల్ పరీక్షించాలి, ఆడిట్ చేయాలి, కొత్త పదార్థంతో బ్యాచ్‌లు తయారుచేసి, కాలక్రమంలో చెడకుండా ఉంటాయా అని చూసే స్టెబిలిటీ పరీక్షలకు పెట్టాలి, ఆ ఫలితాలతో ప్రతి దేశంలోనూ మార్పుకు అనుమతి తెచ్చుకోవాలి. ఇంత జరిగేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలే. మిలన్ ప్రదర్శనలో కరచాలనం చేసిన వ్యవహారంలో తొలి వాణిజ్య సరుకు ముంబయి దగ్గరి నవా శేవా రేవులో ఓడ ఎక్కేసరికి ఆ రోజు అక్కడున్న ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మారి ఉంటారు. అటువంటి వ్యాపారంలో ప్రదర్శన ముగిసిన నెలకే "ఎన్ని ఆర్డర్లు వచ్చాయి" అని యాజమాన్యం అడిగితే, ఎగుమతుల విభాగం దగ్గర నిజమైన జవాబు ఉండదు. అందుకే కార్డులు లెక్కపెట్టి చూపిస్తారు. ఇప్పుడు కార్డులు కూడా కాదు, బ్యాడ్జీల మీద ఉన్న కోడ్‌ను స్కాన్ చేసిన సంఖ్య. సంఖ్య పెద్దదిగానే ఉంటుంది.

ఆ సంఖ్యలో ఎవరున్నారో విడదీసి చూస్తే మనసు కష్టపడుతుంది. స్టాల్‌లోకి వచ్చేవారిలో పెద్ద భాగం మనకు అమ్మడానికి వచ్చేవారే: రియాక్టర్లు, డ్రయ్యర్లు అమ్మేవారు, మలినాల రిఫరెన్స్ స్టాండర్డులు తయారుచేసేవారు, రవాణా ఏజెంట్లు, ఎగుమతి వివరాల డేటా అమ్మేవారు, వచ్చే ఏడు మరో దేశంలో జరిగే మరో ప్రదర్శనకు స్థలం అమ్మేవారు. వారిని తప్పుపట్టలేం, వారి వ్యాపారం అది, వారిలో కొందరు మనకు నిజంగా అవసరమైనవారు కూడా. కాని లక్షలు పోసి స్టాల్ కట్టుకున్నది మనం, ప్రవేశ బ్యాడ్జీతో వచ్చి పని చక్కబెట్టుకుని వెళ్లేది వారు. ఈ తేడాలో ఒక పాఠం ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను.

2020లో మిలన్‌లో జరగవలసిన ప్రదర్శన కోవిడ్ వల్ల రద్దయి, ఆ అక్టోబరులో అంతా తెర మీద నడిచింది. అమెరికాలోనో జర్మనీలోనో కూర్చున్న మనిషితో హైదరాబాద్ నుంచి అరగంట మాట్లాడటం అప్పుడు అందరికీ అలవాటైంది, ఆ అలవాటు పోలేదు. విమానం ఖర్చు లేకుండా అంతమందితో మాట్లాడగలిగినప్పుడు ప్రదర్శనలు ఇక ముగిసిపోతాయని చాలామంది అనుకున్నారు. అలా జరగలేదు. 2021లో మిలన్‌లో పలచగా మొదలైన ప్రదర్శన 2022లో ఫ్రాంక్‌ఫర్ట్‌కూ, 2023లో బార్సిలోనాకూ వచ్చేసరికి మళ్లీ నడవడానికి చోటు లేనంతగా నిండింది. తెర మీద జరిగిన సమావేశాలు ఒక విషయాన్ని స్పష్టం చేశాయని నా అభిప్రాయం: కొత్త పరిచయానికి, కాగితాల మార్పిడికి తెర సరిపోతుంది, ఇద్దరి మధ్య అనుమానం ఉన్నప్పుడు మాత్రం సరిపోదు.

ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పాలి. ఒక యూరోపియన్ కొనుగోలుదారుడితో మాకు మందు పొడి కణాల పరిమాణం విషయంలో చిక్కు వచ్చింది. మేము పంపిన ప్రతి బ్యాచ్ ఒప్పుకున్న పరిమితుల్లోనే ఉన్నా, వారి యంత్రం మీద మాత్ర గట్టిపడటం లేదు. నెలల తరబడి ఈమెయిళ్లు నడిచాయి. మా క్వాలిటీ విభాగం తమ నివేదికలు పంపేది, వారి క్వాలిటీ విభాగం తమవి పంపేది, రెండు పక్షాలూ ఎవరి పద్ధతి సరైనదో నిరూపించుకోవడానికే రాసేవి. చివరికి ప్రదర్శనలో వారి ఫార్ములేషన్ (మాత్రల రూపకల్పన) శాస్త్రవేత్త, మా ప్లాంటులో మిల్లింగ్ (పొడి చేసే పని) చూసే మనిషి ఒక చిన్న బల్ల దగ్గర కూర్చున్నారు. ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంతమాత్రమే. కాగితం మీద కణాల విస్తరణ గీత గీసుకుంటూ మాట్లాడుకున్న కొద్దిసేపట్లో అసలు విషయం బయటపడింది: ఒప్పందంలో పై పరిమితి మాత్రమే రాసి ఉంది, మరీ సన్నని పొడి ఎంత శాతం ఉండవచ్చో ఎవరూ రాయలేదు. ఆ మాట ఈమెయిల్‌లో రాయడానికి వారు జంకారు, ఎందుకంటే స్పెసిఫికేషన్‌లో లోపం తమది అవుతుంది. అడగడానికి మేము జంకాము, ఎందుకంటే మా ప్రక్రియలో తేడా ఉందని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు పనివాళ్లకు ఆ భయం లేకపోయింది. కొత్త స్పెసిఫికేషన్ రాసుకున్నాం, ఆ వ్యాపారం ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఏడు స్టాల్ విలువ ఎంత అని అడిగితే, నేను ఆ బల్ల విలువే చెబుతాను.

రాతలో పెట్టలేని మాటకు చోటు ఇవ్వడమే ఈ కాలంలో ప్రదర్శన చేసే అసలు పని. ధర పెంచవలసి వస్తుందన్న మాట, మీ రెండో సరఫరాదారుడి పరిస్థితి బాగోలేదట అన్న మాట, వచ్చే ఏడు ఈ మందును ఆపేస్తున్నాం, మీరు జాగ్రత్త పడండి అన్న మాట, ఇవన్నీ కాఫీ తాగుతూ నిలబడి చెప్పుకునేవే. 2020 ఆరంభంలో చైనా నుంచి ముడి పదార్థాలు ఆగిపోయినప్పుడు ఎవరికి ముందు సరుకు పంపాలో నిర్ణయించవలసి వచ్చిన రోజుల్లో, అప్పటికే ముఖాముఖి పరిచయం ఉన్నవారి మాటకు ఇరువైపులా ఎంత బరువు ఉండిందో ఈ పరిశ్రమలో అందరం చూశాం.

దీని నుంచి ఆచరణలో తేలేది ఏమిటంటే, ప్రదర్శనకు ఎవరిని పంపుతున్నాం అన్నది ఎంత స్థలం తీసుకున్నాం అన్నదానికన్నా ముఖ్యం. మన కంపెనీల్లో మేనేజింగ్ డైరెక్టరు, మార్కెటింగ్ అధిపతి, వారి కింద ఇద్దరు వెళ్లడం ఆనవాయితీ. ప్లాంటు నుంచి, ఆర్ అండ్ డీ నుంచి మనిషిని పంపడం దండగ ఖర్చు అని, పైగా బయటివారి కళ్లలో పడితే ఉద్యోగం మారిపోతాడని భయం. ఈ భయాన్ని నేను అర్థం చేసుకోగలను, కాని దానితో ఏకీభవించలేను. కొనుగోలుదారులు తమ వైపు నుంచి క్వాలిటీ వారిని, అనుమతుల పత్రాలు చూసే రెగ్యులేటరీ వారిని తెస్తున్నప్పుడు మన వైపున వారి భాష మాట్లాడే మనిషి లేకపోతే, ఆ అరగంట అంతా "కనుక్కుని రాస్తాము" అన్న మాటతోనే గడిచిపోతుంది. పెద్ద ఎల్‌ఈడీ తెర తగ్గించి ఆ డబ్బుతో ఒక ప్రాసెస్ కెమిస్టుకు టికెట్ కొనడం మేలు. వీసా అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టమైన ఈ రోజుల్లో ఆ నిర్ణయం జూన్, జూలై నెలల్లోనే జరిగిపోవాలి. సెప్టెంబరులో గుర్తొస్తే మార్కెటింగ్ వారి పాస్‌పోర్టుల మీదే వీసాలు ఉంటాయి, వారే వెళ్తారు.

స్టాల్ పెట్టేవాడి కన్నా సందర్శకుడిగా వెళ్లేవాడికి లాభం పెరిగిందన్నది నేను ముందు దాటవేసిన పాఠం. హైదరాబాద్ కంపెనీలు అమ్మేవే కాదు, కొనేవి కూడా. కీలకమైన ముడి పదార్థాల్లో చాలావాటికి మనం చైనా మీద ఆధారపడి ఉన్నామన్నది అందరికీ తెలిసిందే. 2020లో కేంద్ర ప్రభుత్వం బల్క్ డ్రగ్‌ల కోసం రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించడానికి కారణం అదే. ఏటా జూన్ ప్రాంతంలో షాంఘైలో జరిగే సీపీహెచ్‌ఐ చైనాకు స్టాల్ లేకుండా, కొనుగోళ్ల మనిషి, ఆర్ అండ్ డీ మనిషి కలిసి వెళ్తే వచ్చే జ్ఞానం యూరప్‌లో పెద్ద స్టాల్ పెట్టినా రాదు. ఏ ఇంటర్మీడియట్‌కు (మందు తయారీలో మధ్యదశ రసాయనానికి) కొత్తగా ఎవరు సామర్థ్యం పెంచారు, ఏ రాష్ట్రంలో కాలుష్య తనిఖీల వల్ల ప్లాంట్లు మూతపడుతున్నాయి, మనకు అమ్ముతున్న వ్యాపారి వెనుక నిజంగా తయారుచేసేది ఎవరు అన్న విషయాలు అక్కడ నడవాల్లో తిరుగుతూ అడిగితే తెలుస్తాయి. స్టాల్‌కు కట్టుబడి కూర్చున్నవాడికి నడిచే స్వేచ్ఛ ఉండదు. నా మాటకు విలువ ఉంటే, కొత్తగా ఎగుమతుల్లోకి వస్తున్న చిన్న కంపెనీలు మొదటి రెండేళ్లు ఎక్కడా స్టాల్ పెట్టకుండా సందర్శకులుగానే వెళ్లాలని చెబుతాను.

వేరే పరిశ్రమల్లో పెద్ద ప్రదర్శనలే మూతపడ్డాయి కదా, ఇదీ అదే దారి పడుతుందా అని మిత్రులు అడుగుతుంటారు. హనోవర్‌లో 1986 నుంచి విడిగా జరిగిన సెబిట్ కంప్యూటర్ ప్రదర్శన 2018తో ఆగిపోయింది. లాస్ ఏంజెలెస్‌లో జరిగే వీడియో గేముల ప్రదర్శన ఈ3 ఇక ఉండదని 2023 డిసెంబరులో ప్రకటించారు. 1905లో మొదలైన జెనీవా మోటారు ప్రదర్శన 2024లో ముగిసింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ గడియారాల ప్రదర్శన నుంచి మొదట స్వాచ్ గ్రూపు, తరువాత 2020లో రోలెక్స్ వంటి సంస్థలు తప్పుకోగానే అది నిలబడలేదు. వీటన్నిటిలో నాకు కనిపించే పోలిక ఒకటే: అక్కడ జనాన్ని, పత్రికలను రప్పించేది కొద్దిపాటి పెద్ద పేర్లు. సొంతంగా వేదిక పెట్టుకున్నా జనం వస్తారని ఆ పేర్లకు తెలిసిన రోజున ప్రదర్శన అవసరం తీరిపోతుంది. 2009 తరువాత మ్యాక్‌వరల్డ్ కంప్యూటర్ ప్రదర్శన నుంచి తప్పుకుని ఆపిల్ చేసింది అదే. బల్క్ డ్రగ్ వ్యాపారంలో అంతటి పేరు ఎవరికీ లేదు. ఒక మాత్రల కంపెనీకి వందల మంది సరఫరాదారులు ఉంటారు. ఆ కంపెనీ కొనుగోలు అధికారి ఒక్కొక్కరి కోసం ఒక్కో దేశం తిరగలేడు కనుక అందరూ ఒక చోట కలిసే మూడు రోజులు అతనికి అవసరం. అందువల్ల ఈ ప్రదర్శన ఇప్పట్లో పోదనే నా నమ్మకం.

నష్టపోయింది మాత్రం చిన్నవారు, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. పరిచయాలు ఉన్నవారికే ప్రదర్శన ఉపయోగపడుతున్నప్పుడు, పరిచయాలు లేని కొత్త యూనిట్ ఎక్కడ మొదలుపెట్టాలి? నడుస్తూ నడుస్తూ ఆగి లిస్టు మీద వేలు పెట్టే ఆ కొనుగోలుదారుడు ఇప్పుడు ఫోన్‌లో ముందే కుదుర్చుకున్న సమావేశాల జాబితాతో ఒక స్టాల్ నుంచి మరో స్టాల్‌కు పరుగెడుతున్నాడు. మూల స్టాల్‌లో కూర్చున్న చిన్న కంపెనీ అతనికి కనిపించదు. స్థలానికి చదరపు మీటరు చొప్పున అద్దె, కట్టుబడి, ప్రదర్శన వారంలో కొన్ని రెట్లు పెరిగే హోటల్ ధరలు, విమాన టికెట్లు అన్నీ కలిపితే, చిన్న యూనిట్‌కు అది ఒక కొత్త ఎనలిటికల్ పరికరం ఖర్చుతో సమానం. ప్రభుత్వం ఎగుమతి ప్రోత్సాహక మండళ్ల ద్వారా కొంత సాయం చేస్తోంది. హైదరాబాద్ కేంద్రంగా 2004లో ఏర్పడిన ఔషధ ఎగుమతుల మండలి ఫార్మెక్సిల్, విదేశీ ప్రదర్శనల్లో భారతీయ పెవిలియన్ ఏర్పాటు చేస్తూ చాలామందికి తొలి అవకాశం ఇచ్చింది. ఆ సాయం అద్దెకూ విమానానికీ కాక, ముందస్తు పనికి అందాలని నా కోరిక. ఏ కొనుగోలుదారులకు ఈ మందు అవసరమో వెతికిపెట్టడం, ప్రదర్శనకు ముందే సమావేశాలు కుదర్చడం, సాంకేతిక పత్రాలు తీర్చిదిద్దడం అన్నవే ఆ పని; అవి లేకుండా మూడు రోజుల స్టాల్ ఇచ్చినందువల్ల చిన్న యూనిట్‌కు కలిగే మేలు స్వల్పం.

అంతకన్నా ముఖ్యమైనది ప్రదర్శన ఎక్కడ జరుగుతోంది అన్నది. కొనుగోలుదారుడికి అంతిమంగా కావలసింది ప్లాంటును చూడటం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్టాల్ ఎంత అందంగా కట్టినా అది ప్లాంటును చూపించలేదు. మన దేశంలో జరిగే సీపీహెచ్‌ఐ ఇండియా ఒకప్పుడు ముంబయిలో జరిగేది, ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో జరుగుతోంది. అక్కడికి వచ్చిన విదేశీయుడు హైదరాబాద్ ప్లాంటును చూడాలంటే మళ్లీ విమానం ఎక్కాలి, చాలామంది ఎక్కరు. ఫార్మెక్సిల్ నడిపే ఐఫెక్స్ ప్రదర్శన హైదరాబాద్‌లో జరిగిన సందర్భాల్లో తేడా కళ్లారా చూశాం. ఉదయం హైటెక్స్ ప్రదర్శనశాలలో మాట్లాడిన కొనుగోలుదారుడు మధ్యాహ్నానికి పాశమైలారంలో గౌను వేసుకుని ప్రొడక్షన్ బ్లాకులో నిలబడగలడు. చిన్న కంపెనీ పేరు అతనికి తెలియకపోయినా, శుభ్రంగా ఉన్న క్లీన్‌రూమ్, సక్రమంగా రాసి ఉన్న బ్యాచ్ రికార్డు, ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పే షిఫ్టు కెమిస్టు కనిపిస్తే చాలు. విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఉన్న యూనిట్లకు కూడా ఇలాంటి ఏర్పాటు విశాఖలోనే జరిగితే దాని ప్రయోజనం వేరుగా ఉంటుంది. విదేశీ కొనుగోలుదారులను ప్రభుత్వ ఖర్చుతో ఇక్కడికి పిలిపించే రివర్స్ బయ్యర్ సెల్లర్ సమావేశాలు ఇప్పటికే ఉన్నాయి. వాటిలో హోటల్ హాలులో గడిపే సమయం తగ్గించి ప్లాంట్లలో గడిపే సమయం పెంచాలి.

ఈ ఏడాది మా కంపెనీకి నేను రాసిన నివేదికలో సిఫారసులు ఇవి. యూరప్‌లో స్టాల్ ఉంచుదాం, కాని స్థలం సగానికి తగ్గిద్దాం. తగ్గిన స్థలంలో ప్రదర్శన బోర్డులు తీసేసి, తలుపు వేసుకుని మాట్లాడుకోగల ఒక గది కట్టిద్దాం. ఆగస్టు చివరికి ఖరారైన సమావేశాలు ఎన్ని, అందులో ఎన్ని ఇప్పటికే నడుస్తున్న వ్యవహారాల మీద అన్నది చూసి ఎంతమంది వెళ్లాలో నిర్ణయిద్దాం. వెళ్లేవారిలో ఒకరు ప్లాంటు నుంచి, ఒకరు రెగ్యులేటరీ నుంచి తప్పక ఉండాలి. జూన్‌లో షాంఘైకి కొనుగోళ్ల బృందం సందర్శకులుగా వెళ్లాలి. ఫలితాన్ని ప్రదర్శన అయిన నెలకు కాక పద్దెనిమిది నెలలకు లెక్కగట్టాలి. అప్పటికి ఎందరు ఆడిట్‌కు వచ్చారు, ఆగిపోయిన ఫైళ్లలో ఎన్ని కదిలాయి అన్న రెండు సంఖ్యలే అందులో ఉండాలి. స్కాన్ చేసిన బ్యాడ్జీల సంఖ్య ఆ నివేదికలో రాయవద్దని కూడా కోరాను. యాజమాన్యం చివరి అంశం మినహా అన్నిటికీ ఒప్పుకుంది.